పెరటాసి నెలలో పసుపు చొక్కా

షుగరు వల్ల తండ్రికి కాలు తీసేయడం మునిరత్నం కళ్ళారా చూశాడు. అందుకే డాక్టరు దయానంద్ "నీ షుగరు మూడు నెలల్లో తగ్గకపోతే రోజూ సూది తప్పదు" అనగానే మోటారుబండిని మూలన పెట్టి, చంద్రగిరి నుంచి తిరుపతి ఆఫీసుకు సైకిలు మీద పోవాలని నిశ్చయించుకున్నాడు. భార్య కోమలి పసుపు చొక్కా కొనిపెట్టింది.

"లారీవోళ్ళకు దూరం నుంచే కనపడల్ల గదా," అంది.

లారీవాళ్ళ సంగతేమో గాని, దారిలో ఊళ్ళవాళ్ళకు బాగా కనబడ్డాడు. అది వెంకన్న నెల పెరటాసిలో మొదటి శనివారం, పసుపుబట్టలు కట్టి జనం కొండకు నడిచిపోయే రోజు. జారుతున్నాయని చెప్పులు విప్పి సైకిలు వెనక కట్టుకున్నాడు. తొండవాడ దగ్గర ఆయాసం పట్టలేక "గోవిందా" అని మూలిగాడు కూడా. ఇక భక్తుడు కాడనడానికి ఏం మిగిలింది?

రోడ్డు పక్కన పానకం పంచుతున్న దేవకమ్మ అడ్డం వచ్చింది.

"ఉత్త కడుపుతో యాడికి పోతాండావు నాయనా?"

"ఆఫీసుకమ్మా."

"మొక్కు బయటికి చెప్పకూడదులే, నాకు తెల్దా?" అని గ్లాసు చేతిలో పెట్టింది.

ప్రసాదం వద్దనే ధైర్యం మునిరత్నానికి లేదు. సోమవారం చక్కెర పొంగలి వచ్చింది. మంగళవారం ఆమె హ్యాండిలుకు చిన్న పసుపు మూట కట్టింది.

"మనవరాలి సూపు కోసం మొక్కిన ముడుపు. నా మోకాళ్ళు మెట్లెక్కవు. నువ్వే హుండీలో ఎయ్యి నాయనా."

ఆమెను చూసి ఊరంతా కట్టింది. రెండు వారాలకు పదకొండు ముడుపులు వేలాడాయి, షుగరు నలభై పెరిగింది.

"సైకిలు తొక్కితే షుగరు పెరగడం ఇప్పుడే సూస్తాండా," అన్నాడు డాక్టరు.

నాయన కాలు గుర్తొచ్చి మునిరత్నానికి ఏడుపొచ్చింది. మర్నాడు దేవకమ్మ ముందు సైకిలు దిగి చేతులు జోడించాడు.

"అమ్మా, నాకే మొక్కూ లేదు. షుగరుండాది. అది తగ్గల్లని తొక్కుతాండా."

ఆమె పొంగలి ఆకు మెల్లగా వెనక్కి తీసుకుంది. "మరి మా ముడుపులు?"

ఆ ముఖం చూశాక మూటలు విప్పి ఇవ్వడానికి అతనికి చేతులు రాలేదు. ఇంటికొచ్చి ఆ మూటల సంగతి చెబితే కోమలి లెంపలేసుకుంది.

"ముడుపులు మోసిన బండిని మళ్ళీ కాళ్ళతో తొక్కుతావా?"

సైకిలు దేవుడి గదిలో చేరింది, బొట్టు పెట్టించుకుంది. మునిరత్నం మళ్ళీ మోటారుబండి ఎక్కాడు. ఆదివారం ముడుపులు పట్టుకుని, మెట్టుమెట్టుకూ కూలబడుతూ, శ్రీవారి మెట్టు దారిలో కొండెక్కాడు. దిగివచ్చేసరికి దేవకమ్మ ఇంటి ముందు ఇంకో తొమ్మిది మూటలు కాచుకుని ఉన్నాయి. ఒకరిది మోసి ఇంకొకరిది వద్దనడం ఎలా? పెరటాసి వెళ్ళిపోయినా ఆదివారాలు కొండకే పోయాయి.

మూడు నెలలకు షుగరు దారికొచ్చింది.

"సూసినావా సైకిలు మహిమ!" అన్నాడు దయానంద్.

మునిరత్నం నిజం చెప్పబోయాడు. అంతలో డాక్టరు తలుపు వైపు ఒకసారి చూసి, సొరుగులోంచి పసుపు మూట తీశాడు.

"ఆదివారం పైకి పోతావంట గదప్పా. మా అమ్మ మొక్కు."

మునిరత్నం మూటను జేబులో పెట్టుకున్నాడు.

మందుల చీటీలో మాత్రం డాక్టరు "సైకిలు మానవద్దు" అని రాశాడు.