సర్దుబాటు పెట్టెలు

కరెంటు పొదుపులో మా ఊరికి షీల్డు వచ్చిన సంగతి పాఠకులు ఈపాటికి వినే ఉంటారు. విననివారి కోసం జరిగింది జరిగినట్టు మనవి చేస్తున్నాను.

మాది రాజోలు దారిలో కాలవ గట్టునున్న ఊరు. మస్కట్, కువైట్ వెళ్ళినవాళ్ళ పుణ్యమా అని ఈ మధ్య ఇంటింటికీ ఫ్రిజ్‌లు, మిక్సీలు, టీవీలు దిగాయి. ట్రాన్స్‌ఫార్మరు మాత్రం ఇంటికో బల్బు వెలిగిన రోజుల్లో పెట్టిందే. సాయంత్రం అందరూ అన్నీ ఒకేసారి వేసేసరికి కరెంటుకి నీరసం వస్తుంది. ట్యూబులైట్లు రెండుసార్లు కన్నుగీటి ఊరుకుంటాయి. దీనివల్ల ఎవరికీ చెప్పుకోదగ్గ నష్టం లేదు, ఒక్క ఆసుపత్రికి తప్ప. అక్కడి ఫ్రిజ్‌లో పసిపిల్లలకి బుధవారాలు వేసే టీకా మందులుంటాయి. చల్లదనం తప్పితే అవి పారబోయవలసిందే. నర్సు రాహేలు గారు పొద్దు వాలితే చాలు, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు ఆ ఫ్రిజ్ మీద చెయ్యి వేసి చూస్తూ ఉండేవారు.

ఈ కష్టం తీర్చడానికే కరెంటాఫీసు ఇంజనీరు కేశవరావు గారు సర్దుబాటు పెట్టెను కనిపెట్టారు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి, పెట్టెకి బంతిపూల దండ వేసి, ఆయన ఇలా ఉపన్యసించారు:

"మహాజనులారా, ఇది బుద్ధి గల పెట్టె. మీ ఇంట్లో ఏ వస్తువు కరెంటు ఎక్కువ తాగుతుందో దానికి తగిలించండి. ఓల్టేజీ పడిపోగానే ఇది తనంతట తానే గ్రహించి ఆ వస్తువును కాసేపు ఆపుతుంది. ఓల్టేజీ తేరుకోగానే మళ్ళీ వేస్తుంది. మీరు వేలు కదపనక్కర్లేదు. ఇంతకాలం మనం యంత్రాలకి సేవ చేశాం. ఇకమీదట మన యంత్రాలు దేశానికి సేవ చేస్తాయి."

ప్రెసిడెంటు సత్తిరాజు గారు లేచి, "మా ఫ్రిజ్‌కే తగిలిస్తానండి. ఆసుపత్రికొచ్చే పిల్లలు వేరూ, మొన్న పుట్టిన నా మనవడు వేరూనాండీ?" అన్నారు. మిగిలినవాళ్ళంతా "ఆయ్" అన్నారు. వచ్చిన పెద్దమనిషి మొహం మీద కాదనడం మా వైపు లేదు. ఆయన్ని అలా చిన్నబుచ్చడం కంటే ఒప్పుకుని, ఇంటికి పంపించి, తర్వాత ఆలోచించుకోవడం మా మర్యాద.

ఆ ఆలోచన సత్తిరాజు గారింట్లో ఆయన భార్య వీరాయమ్మ గారు చేశారు.

"ఫ్రిజ్ ఆగిపోతే ఎలాగండీ? ఎండనపడి ఎవరైనా వస్తే చల్లటి మంచినీళ్ళు ఇవ్వొద్దేటండీ?"

"పోనీ ఫ్యానుకి తగిలిద్దాం."

"చుట్టం కూర్చోగానే ఫ్యాను ఆగిపోతే, ఇక లేచెళ్ళమన్నట్టు ఉండదండీ?"

"టీవీకి?"

"వీధి వీధంతా మనింటికే వచ్చేరు కదండీ నిన్న. మధ్యలో ఆపి పొమ్మంటామా?"

ఈ విధంగా ఇంట్లో ప్రతి వస్తువూ అతిథి మర్యాదలో భాగమేనని తేలింది. మిగిలింది పశువుల పాకలో బల్బు. గేదె ఏమీ అనుకోదు కనుక పెట్టెను దానికి తగిలించారు. ఒకరితో ఒకరు సంప్రదించుకోకుండానే ఊరంతా ఇదే నిర్ణయానికి వచ్చింది. ఇంతటి ఐకమత్యం ఎన్నికలప్పుడు కూడా నేను చూడలేదు. పశువులు లేని ఆనందరావు మాస్టారు పెరట్లో నాలుగు గుంజలు పాతి, కొబ్బరాకు కప్పించి, చిన్న పాక వేయించారు. అందులో ఒక బల్బు కట్టి, ఆ బల్బుకి పెట్టె తగిలించి నిశ్చింతగా నిద్రపోయారు.

ప్రతి కనెక్షనుకీ పెట్టె ఉండాలని రూలు గనుక ఆసుపత్రికీ ఒకటి వచ్చింది. అక్కడ కరెంటు తాగే వస్తువు ఒక్కటే. కేశవరావు గారు స్వయంగా దానికి తగిలించి సీలు వేశారు.

"అయ్యా, ఈ ఫ్రిజ్ ఆగకూడదనే కదండీ ఇన్ని పెట్టెలు పెట్టేరు?" అన్నారు రాహేలు గారు.

"ప్రభుత్వ భవనమే ఆదర్శంగా లేకపోతే ప్రజలు ఎవర్ని చూసి నేర్చుకుంటారమ్మా?" అన్నారాయన.

పై అధికారులు తనిఖీకి వచ్చిన సాయంత్రం వారి గౌరవార్థం ప్రతి ఇంట్లో ఫ్యాన్లూ, టీవీలూ, మిక్సీలూ వేశారు. ఓల్టేజీ ఎన్నడూ లేనంతగా పడిపోయింది. పెట్టెలన్నీ ఒక్కసారిగా టక్కుమన్నాయి. ఊళ్ళో పాకలన్నీ చీకటయ్యాయి. గేదెలు ఒకదాని వెంట ఒకటి అరిచాయి. అధికారులు పులకించిపోయి చప్పట్లు కొట్టారు. ఒక్క పెట్టె అయినా విఫలం కాలేదని రాసుకుని, షీల్డు ప్రకటించి, వీరాయమ్మ గారిచ్చిన చల్లటి సోడా తాగి వెళ్ళారు.

ఆసుపత్రిలో పెట్టె కూడా విఫలం కాలేదు. రోజూ సాయంత్రం మొట్టమొదట అదే టక్కుమనేది.

బుధవారం లంకల్లోంచి పడవలో ఏరు దాటి తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని వచ్చారు. రాహేలు గారు మందు సీసాలు చూసి, "ఇవి పనికిరావమ్మా, పై బుధవారం రండి" అని వెనక్కి పంపారు. పై బుధవారం కూడా అదే మాట అనవలసి వచ్చాక ఆవిడ తిన్నగా పంచాయతీ మీటింగుకి వచ్చారు. ఆవిడ మెత్తటి మనిషి. ఆ రోజు మాత్రం ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చి నిలబడ్డారు.

"మీరందరూ పెద్దలండి. పొద్దుగూకాక కాసేపు మీ ఫ్రిజ్‌లూ, ఫ్యాన్లూ ఆ పెట్టెలకి తగిలించండి. నా కోసం కాదండి. కోరింత దగ్గుతో బిడ్డ గుక్క తిప్పుకోలేకపోతుంటే నేను చూశానండి. ఇంకోసారి చూడలేనండి."

సభ చలించిపోయింది. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. అందరూ "ఆయ్" అన్నారు. సత్తిరాజు గారు తలమీద గిర్రున తిరుగుతున్న ఫ్యాను కింద దీర్ఘంగా ఆలోచించి, ఆసుపత్రికి జరిగిన అన్యాయం ఏమిటో పట్టుకున్నారు. ఊళ్ళో అందరికీ పాక ఉంది, ఆసుపత్రికి లేదు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. విరాళాలు పోగయ్యాయి. ఆసుపత్రి వెనక చక్కటి పాక లేచింది. కేశవరావు గారు సీలు విప్పి, పెట్టెను పాకలో బల్బుకి మార్చి, రిబ్బను కత్తిరించారు. ఫ్రిజ్ ఇప్పుడు సాయంత్రమంతా ఆగకుండా మూలుగుతోంది. చల్లబడటానికి కావలసిన ఓల్టేజీ మాత్రం ఊళ్ళోని ఫ్యాన్లలో తిరుగుతోంది.

సత్తిరాజు గారి మనవడికి సూదులన్నీ పడ్డాయి, కారులో అమలాపురం తీసుకెళ్ళి వేయించారు. లంక తల్లులు బుధవారాలు ఇప్పటికీ వస్తున్నారు. రాహేలు గారు వాళ్ళని ఎండలో నిలబెట్టకుండా కొత్త పాకలో నీడన కూర్చోబెట్టి, పై బుధవారం రమ్మంటున్నారు.

ఈ పెట్టెలు త్వరలో మీ ఊరికీ వస్తాయట. మీరు మా ఊరివాళ్ళ లాంటివారు కారని, ఫ్రిజ్‌కే తగిలిస్తారని నాకు నమ్మకం. ఇది చదువుతూ మీరు కూడా "ఆయ్" అనే ఉంటారు.