చిన్నమ్మ మతిమరుపుకు నేను తెచ్చిన మందు

ఆకును చెట్టు మీద ఉన్నంతకాలం నమ్మకూడదు. ఇది నా దృఢమైన అభిప్రాయం. అది ఎండి, పొడై, క్యాప్సూల్‌లో దూరి, సీసాలో చేరి, ఆ సీసా మీద 'యాంటీఆక్సిడెంట్' అనే మాట పడ్డాకే మందవుతుంది. అంతకుముందు అది మేకల ఆస్తి.

మా నంద్యాలలో ఈ సీసాలు చేసిన మేలు ఇంతా అంతా కాదు. పొద్దున్నే నడకకు వచ్చే పెద్దమనుషులు ఒకప్పుడు రాజకీయాలు మాట్లాడుకుని బీపీ పెంచుకునేవారు. ఇప్పుడు తిప్పతీగ ఎవరి లివర్‌కు ఎంత మేలు చేసిందో చెప్పుకుని నవ్వుతూ ఇళ్లకు పోతున్నారు. సమాజానికి ఇంతకన్నా ఏం కావాలి? నరాల కణాలను కాపాడే క్యాప్సూల్ చేతికొచ్చాక డాక్టరెందుకు, వైద్యమెందుకు?

ఈ నమ్మకంతోనే ఆళ్లగడ్డలో ఉన్న మా చిన్నమ్మ ఓబుళమ్మకు ఒక సీసా తీసుకెళ్లాను. చిన్నమ్మకు డెబ్బై ఆరేళ్లు. చిన్నప్పుడు మాకు దగ్గొస్తే ఒక ఆకు, కడుపునొస్తే ఒక ఆకు కాలవ గట్టు మీద నుంచి తెచ్చి నూరి పోసింది ఆమే. ఆ మధ్య పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. కళ్లజోడు బియ్యం డబ్బాలో దొరికింది. కొడుకు మహేష్ దిగులుపడి నాకు ఫోన్ చేశాడు. జ్ఞాపకశక్తికి సరస్వతి ఆకు మంచిదని ఊరంతా అంటున్నారు కదా, ఆ క్యాప్సూల్స్ నంద్యాలలో దొరుకుతాయేమో చూడమన్నాడు.

నిజానికి సరస్వతి ఆకు వాళ్ల పెరట్లోనే ఉండేది. నీళ్లతొట్టి పక్కన తడిలో పాకి, గుండ్రటి ఆకులతో నేలంతా కమ్ముకునేది. పోయినేడు అక్కడ టైల్స్ వేయించారు. కాళ్లకు మట్టి అంటదని నేనే మెచ్చుకున్నాను.

నెల తిరక్కుండానే చిన్నమ్మ ఒక క్యాప్సూల్ విప్పి, పొడిని అరచేతిలో పోసుకుని వాసన చూసింది. నాలుక మీద వేసుకుంది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"ఇది సరస్వతాకు గాదప్పా, మునగాకు" అంది.

సీసా మీద స్పష్టంగా రాసి ఉందని నేను చూపించాను. బొమ్మ కూడా ఉంది. ఒక ప్రయోగశాల ముద్ర కూడా ఉంది. చిన్నమ్మ ఆ ముద్రను చూసి, మునగాకును తాను పుట్టినప్పటి నుంచి వండుతున్నానని మాత్రం చెప్పింది.

మేము ముగ్గురం పక్క గదిలోకి వెళ్లి మాట్లాడుకున్నాం. కోడలు వినీత ఫోన్‌లో వెదికింది. మతిమరుపు ముదిరినవాళ్లు ఇంట్లోవాళ్ల మీద, మందుల మీద అనుమానం పెంచుకుంటారని అందులో ఉంది. ఇంకేం కావాలి? జబ్బు ముదిరిందని తేల్చేశాం. రోజుకు ఒకటి కాదు, రెండు వేయాలని నేను సలహా ఇచ్చాను. వంటింటి పని కూడా మాన్పించాలని మహేష్ అన్నాడు. గ్యాస్ దగ్గర ఏదైనా జరిగితే ఎవరు పూచీ?

ఆ సాయంత్రం నుంచి చిన్నమ్మకు వంటింట్లోకి పోనక్కరలేని సుఖం దక్కింది. యాభై ఏళ్లకు పైగా పొయ్యి ముందు నిలబడిన మనిషి ముందుగదిలో కుర్చీలో కూర్చుంది. రెండు పూటలా ఎవరూ చెప్పకుండానే క్యాప్సూల్ మింగేది. తర్వాత్తర్వాత మాటలు తగ్గిపోయాయి. అడిగినదానికి తల ఊపేది. మందు పనిచేస్తోందని, మనిషి నెమ్మదించిందని మేము సంతోషించాం.

ఇట్లా అంతా సజావుగా సాగుతుండగా జాహ్నవి అడ్డం వచ్చింది. జాహ్నవి మా ఇంటి పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి. మన నేల మీద పెరిగే మందు మొక్కలు నరాల కణాలను ఎంతవరకు కాపాడతాయన్నది ఆమె పరిశోధన. ఆకుల గురించి తెలిసిన పాతకాలం మనిషి ఎవరైనా ఉన్నారా అని నన్ను అడిగింది. ఒకరుండేవారని, ఇప్పుడు ఆమెకు మతి సరిగా లేదని చెప్పాను. అయినా చూస్తానంది. చదువుకున్న పిల్లలకు మొండితనం ఎక్కువ.

మరుసటి ఆదివారం ఇద్దరం బస్సెక్కి ఆళ్లగడ్డకు వెళ్లాం. జాహ్నవి సంచిలోంచి నాలుగు రకాల కొమ్మలు తీసి చిన్నమ్మ ఒళ్లో పెట్టింది. చిన్నమ్మ ఒక్కోటీ తిప్పి చూసింది. ఏది నీడలో ఎండబెట్టాలో, దేన్ని పచ్చిగానే వాడాలో, ఏది గర్భిణులకు పెట్టకూడదో చెప్పడం మొదలుపెట్టింది. మూడు నెలల మాటలన్నీ ఒక్కసారే బయటికొస్తున్నట్టుంది. జాహ్నవి కలం ఆపలేదు. మహేష్ గడప దగ్గర నిలబడి అట్లాగే చూస్తుండిపోయాడు.

చివర్లో చిన్నమ్మ సీసాలోంచి రెండు క్యాప్సూల్స్ తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"నీ మిషన్లో ఏసి చూడు పాపా. నేను చెప్తాంటే ఈళ్లు నమ్మల్యా."

పదిహేను రోజుల తర్వాత జాహ్నవి మెట్లు దిగి వచ్చి ఒక కాగితం ఇచ్చింది. అసలు సరస్వతి ఆకును, ఈ పొడిని పక్కపక్కనే పెట్టి రెండు రకాలుగా పరీక్షించిందట. పొడిలో సరస్వతి ఆకు జాడ లేదు. ఉన్నది మునగాకే.

కాగితం తీసుకుని ఆళ్లగడ్డకు పోయాను. పాఠకులారా, ఇక్కడ మీరు ఈ మందు గొప్పదనం గమనించాలి. మహేష్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"చూస్తివా అన్నా, మందు ఎంత బాగా పనిచేసిందో! మాయమ్మ కరెక్టుగా పట్టేసింది."

నాకూ నిజమేననిపించింది. తనలో సరస్వతి ఆకు లేదని రోగి చేతనే చెప్పించగల సరస్వతి మందు ప్రపంచంలో ఇంకెక్కడుంది? ఇంకో నాలుగు సీసాలు తెప్పిద్దామని మేమిద్దరం అనుకుంటుండగా వినీత లేచింది. వంటింట్లోంచి గ్యాస్ లైటర్ తెచ్చి అత్త చేతిలో పెట్టి, పక్కనే నేల మీద కూర్చుంది. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకోవడం చూశాను.

చిన్నమ్మ కోడలి తల మీద చెయ్యి వేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు నంద్యాలలో ఉంటావు గదప్పా, అన్ని అంగళ్లూ తెలుసు నీకు. ఇంట్లో మనిషి చెప్తే చెవికెక్కే మాత్ర యాడన్నా ఉంటే నువ్వూ మహేషూ చెరొకటి ఏసుకోండి."

ఆ వారమే చిన్నమ్మను కర్నూలులో డాక్టరుకు చూపించారు. వయసుతో వచ్చే మరుపు కొంత ఉందని, కంగారు పడవలసిందేమీ లేదని, ఇంట్లో నలుగురూ ఆమెతో మాట్లాడుతుంటే మంచిదని ఆయన చెప్పాడు. మందు రాయలేదు. మందు రాయని డాక్టరు మీద నాకు మొదటి నుంచీ సదభిప్రాయం లేదు.

చిన్నమ్మ అడిగిన మాత్ర కోసం మాత్రం నంద్యాల అంగళ్లన్నీ తిరిగాను. జుట్టుకుంది, కీళ్లకుంది, నిద్రకుంది. అది ఎవరూ తయారుచేయలేదట. ఎందుకని అడిగితే ఒక అంగడాయన చెప్పాడు, తమకు ఆ జబ్బుందని ఇంతవరకూ ఒక్కరూ వచ్చి అడగలేదని.