మసక సినిమా

విమర్శకుడి ఆ ఉదయపు పని చిన్నదే. పది గంటలకి పత్రికలవాళ్ళ కోసం వేసే ఆట చూడాలి, మధ్యాహ్నంలోగా రాసివ్వాలి. కాకపోతే ఈసారి మెచ్చుకోవాలి. సంపాదకుడు ముందురోజే తేల్చేశాడు. "నువ్వు తిట్టని సినిమా లేదు. ఈ వారమూ తిట్టావో, నీ శీర్షిక పీకేసి గళ్ళనుడికట్టు వేస్తా." భార్య పోయాక అతనికి మిగిలింది ఆ శీర్షికే. ఆమెకి ప్రతి సినిమా నచ్చేది. అందుకే ఆమెకి సినిమా తెలియదని అతని తీర్పు.

అలమారలో ఒకేలాంటి కళ్ళజోడు డబ్బాలు రెండున్నాయి. ఒకటి జేబులో వేసుకుని బయల్దేరాడు. హాల్లో దీపాలు ఆరాకే జోడు పెట్టుకుంటాడు, ముసలివాడిలా కనబడకూడదని.

తెరంతా మసక. కథానాయకుడెవరో, తలుపేదో తెలియాలంటే ఎవరో ఒకరు మాట్లాడాలి. పక్కవాళ్ళెవరూ కిక్కురుమనలేదు. ఇదేదో కొత్త ప్రయోగం, అర్థంకానిది తనకొక్కడికే అనుకున్నాడు. అది ఒప్పుకోవడం కంటే పొగడటం తేలిక. "ముఖాలు చెరిపేసి మనుషుల్ని చూపిన సాహసం" అని రాసిచ్చాడు.

అది చదివి దర్శకుడు, ఆ రోజు బొమ్మ మసగ్గా వేశాడని హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని తిట్టబోయాడు. నిర్మాత అడ్డుపడ్డాడు. "పాతికేళ్ళలో ఈయన మెచ్చుకున్నది ఇదొక్కటేనయ్యా! సినిమా మొత్తం మసక చేసెయ్!"

విడుదల రోజు విమర్శకుడు గర్వంగా కూతుర్ని తీసుకెళ్ళాడు. ఆట మొదలవగానే జోడు పెట్టుకున్నాడు.

"నాన్నా, అది అమ్మ జోడు కదా?"

"మీ అమ్మదెందుకవుతుంది?"

"విరిగిన కాడకి దారం చుట్టింది నేనే. అమ్మ పుస్తకాలు చదువుకునే జోడది!"

అతను జోడు తీసి చేత్తో తడిమాడు. దారం తగిలింది. "మరి... నీకు బొమ్మ స్పష్టంగా ఉందా?"

"ఎక్కడ? నువ్వు మెచ్చుకున్నావనే ఇలా చేశామని బయట బోర్డు కూడా పెట్టారుగా!"

వెనకనుంచి ఎవరో అరిచారు. "ఎవడండీ ఇది బాగుందని రాసింది? వాడి కళ్ళు పరీక్ష చేయించండి!"

విమర్శకుడు కుర్చీలో కిందికి జారాడు.

ఆ సాయంత్రం సంపాదకుడికి ఒక కాగితం ఇచ్చి, బల్ల సొరుగు ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. "నేను మెచ్చుకున్నది సినిమాని కాదు, నా భార్య కళ్ళజోడుని" అని ఉంది అందులో. సంపాదకుడు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, దాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేశాడు. వారం తిరక్కుండా ఉత్తరాలు కుప్పపడ్డాయి.

"నీ తిట్లకి ఏనాడైనా ఇన్ని వచ్చాయా? శీర్షిక ఎక్కడికీ పోదు. కానీ ఇకమీదట ఆ జోడే పెట్టుకెళ్ళు."

ఇప్పుడు ఆ శీర్షిక, సినిమా తెలియని మనిషి కళ్ళజోడు మీద నడుస్తోంది.