పురుగులింట్లో పాట

రెండువేల ఆరు ఎండాకాలం. మండికల్‌లో పురుషోత్తమ్ ఆ సోమవారం పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. స్టూడియో గోడలకు గోనెసంచులు కొట్టాలి, మధ్యాహ్నం సంగటి తినాలి, సాయంత్రానికి భజన పాటల మిక్సింగ్ ముగించాలి. స్టూడియో అంటే, తల్లి అంజనమ్మ పట్టుపురుగులు పెంచే ఇంట్లో సగం. మిగతా సగంలో పురుగులు ఆకు నములుతున్నాయి.

భజన మండలి పెద్ద గంగాధరప్పకు చేసిచ్చిన మొదటి సీడీ బావిలోంచి పాడినట్టు వచ్చింది. తప్పు బోడిగోడలది. శనివారం జాతరకు రెండోదీ చెడితే ఆయన చిక్కబళ్లాపురం స్టూడియోకు పోయి పాడుకుంటానన్నాడు. అంజనమ్మ షరతు అంతకంటే పదును.

“ఈ తూరీ చెడితే రూము నా పురుగులకిచ్చేయాల.”

“ప్రాణం పోయినా ఇయ్యను. ఏం చేసుకుంటావో చేసుకోమ్మా!”

సంచులు చాలలేదు. బొంతలు కొట్టాడు. పెళ్లాం మంజుశ్రీ కప్పుకునే దుప్పటినీ వదల్లేదు. చప్పట్లు కొడితే చప్పుడు అక్కడే చచ్చింది. మురిసిపోయాడు. పాట పెడితే తాళాల మోత మందంగా వినిపించింది. మిక్సర్ మీద తాళాల మీట పైకి తోశాడు. ఇంకా మందమే. ఇంకా తోశాడు. మోతను బొంతలు మింగేస్తున్నాయని ఆ మహానుభావుడికి తట్టలేదు.

మంగళవారం పొద్దున, పాలు పితికే వేళ, మందిరం మైకులో సీడీ వేయించాడు. తాళాలు ఊరి చెవుల్లో సూదుల్లా దిగాయి. మందిరం పక్కింటి మునినారాయణ ఆవు తపేలాను తన్ని పాలన్నీ నేలపాలు చేసింది.

“ఏమప్పా, నా గొంతు యాడుండాది?” అని గంగాధరప్ప వచ్చిపడ్డాడు. “తాళాలే పాడతాండాయి గదా!”

“బొంతలు చాల్లేదప్పా. ఇంగా కొడతా.”

కొట్టాడు. ఎండాకాలం గనుక ఇరుగుపొరుగు బొంతలూ దొరికాయి. గది మరింత మూగబోయింది, మీట మరింత పైకి పోయింది. గురువారం మైకు గరగరమనగానే, పాట మొదలుకాకముందే, ఆవు తన్నేసింది. అయినా పురుషోత్తమ్ తగ్గలేదు. ఊరంతా నవ్వితే తప్పు ఊరిదే అనుకునే రకం. శుక్రవారం తెల్లారగానే స్పాంజి పరుపులు కొనడానికి చింతామణి బస్సెక్కాడు.

సరిగ్గా ఆ రోజే, వేడికి పురుగులు రెండు దినాలు ముందే పండాయి. పండిన పురుగు ఎవరి కోసమూ ఆగదు. గూడు కట్టుకోవడానికి చంద్రికల్లోకి ఎక్కించాల్సిందే. వెదురుబద్దలు చుట్టలుగా అల్లిన ఆ తడికెలు తన సగంలో పట్టక, అంజనమ్మ బొంతలన్నీ ఊడబీకి స్టూడియో గోడల నిండా ముప్పై చంద్రికలు నిలబెట్టేసింది.

“అమ్మా! ఏం చేస్తాండావు?” తిరిగొచ్చిన పురుషోత్తమ్ పరుపులు కిందపడేసి అరిచాడు.

“అరవద్దు. గూడు కడతాండాయి. నాలుగు దినాలు ఒక్కటీ కదిలించేకి లేదు.”

“నేనూ కదలను! ఈడే కూచుని మిక్సింగ్ చేస్తా. ఎవురడ్డమొస్తారో చూస్తా!”

మొండిపట్టుగా కూర్చుని, అంజనమ్మ కళ్లెర్రజేయడంతో చిన్న శబ్దంలో పాట పెట్టాడు. వెంటనే చెవులు మూసుకున్నాడు. ఇంత మోత నేనే పెట్టానా అనుకుని తాళాల మీట బాగా కిందికి లాగాడు. బోడిగోడల బావిమోత లేదు, బొంతల మూగతనమూ లేదు. శబ్దం వెదురుచుట్టలకు తగిలి చక్కగా చెదిరిపోతోంది. గంగాధరప్ప గొంతు, ముసలి జీరతో సహా, పక్కనే కూర్చుని పాడినట్టుంది. పురుషోత్తమ్ కళ్లు చెమర్చాయి.

శనివారం మైకులో పాట వస్తుంటే ఆవు నెమరేస్తూ నిలబడింది. గంగాధరప్ప తన పాట తనే రెండుసార్లు విన్నాడు.

“ఇదప్పా నా గొంతు! ఇంగ చిక్కబళ్లాపురం పోయేది యాల!”

నాలుగో దినం గూళ్లు విడిపించి, అంజనమ్మ చంద్రికలు ఎత్తబోయింది. పురుషోత్తమ్ వాకిట్లో రెండు చేతులూ చాపి అడ్డం నిలిచాడు.

“ఒక్కటి ముట్టినా ఒప్పుకోను! ఇంగ ఈడే ఉండాల.”

“చంద్రికలుండేతావే నా పురుగులుండేది. ఇప్పుడు చెప్పు నాయనా, రూము ఎవురిది?”

పురుషోత్తమ్ చంద్రికల వంక చూశాడు, తల్లి వంక చూశాడు. ఛాతీ మాత్రం తగ్గించలేదు.

“పురుగులదే! ప్రాణం పోయినా ఎవురికీ ఇయ్యను!”

ఇప్పుడు స్టూడియో బోర్డు కింద ఇంకో పలక వేలాడుతోంది: పాటగాళ్లు కాళ్లు కడుక్కుని రావలెను, పురుగులు పండిన దినాల్లో రావద్దు.