పులి బోర్డు మీద ఎర్ర మచ్చ

జూలో బోర్డు అన్నది చదవడానికి పెట్టినది కాదు, ఆనుకుని ఫొటో దిగడానికి పెట్టినది. ఈ సత్యం బోర్డుల అధికారిణికి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే బోధపడింది. అయినా ఆవిడ పట్టు వదల్లేదు. పులి బోను ముందు ఏనాటిదో పాత పటం ఉన్న బోర్డు తీయించి కొత్తది పెట్టించింది. దాని మీద ప్రపంచ పటం వేయించి, అడవుల్లో పులులు ఇంకా మిగిలి ఉన్న చోట్లకు ఎర్రరంగు పూయించింది. ఆ పక్కనే నిలబడి, జనం ఏమంటారా అని చెవులు రిక్కించింది.

"మనం ఉన్న చోటు ఎర్రగా చూపించారు చూడు," అన్నాడు ఒక పెద్దాయన భార్యతో.

"మరి బాత్‌రూమ్ ఎక్కడండీ?"

"నీలంగా ఉన్నదంతా అదే అయ్యుంటుంది. నీళ్లుంటాయిగా."

(ఆ లెక్కన భూగోళంలో ముప్పాతిక వంతు మరుగుదొడ్డే. బయట క్యూ మాత్రం ఎందుకు తగ్గడం లేదో పరిశోధించాల్సి ఉంది.)

"అది సముద్రమండీ," అంది అధికారిణి నీరసంగా.

"సముద్రం కూడా ఉందా? గేటు దగ్గర చెప్పనే లేదే," అని ఆయన భార్యను వెంటబెట్టుకుని సముద్రం వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

విషయం డైరెక్టరుగారి దాకా పోయింది. ఆయన తక్షణం పటావగాహన సంఘాన్ని నియమించారు. నెలాఖరులోగా జనానికి పటం అర్థం కాకపోతే అధికారిణిని పాముల విభాగానికి బదిలీ చేస్తామని కూడా సెలవిచ్చారు. ఆవిడకు వానపామును చూసినా గుండె జారిపోతుంది.

సంఘం ఎరుపును ఆకుపచ్చగా మార్చింది. జనం అది పచ్చిక బయలనుకుని, దుప్పట్లు చంకన పెట్టుకుని తిరిగారు. సంఘం మళ్లీ ఎర్రరంగే పూయించి, 'పులి ఇక్కడ' అని బాణం గుర్తు వేయించింది. జనం బాణం చూపిన వైపే నడిచి మేత గోదాములో తేలారు. అక్కడ కోతుల కోసం ఉంచిన అరటిపళ్లను సంస్థవారి మర్యాద అనుకుని ఆరగించారు. చివరికి సంఘం 'ఈ పటం ఈ జూకు చెందినది కాదు' అని రాయించింది. వేరే జూ పటం ఇక్కడెందుకు పెట్టారని ఫిర్యాదులు వచ్చాయి.

నెలాఖరున అధికారిణి కాళ్లీడ్చుకుంటూ డైరెక్టరుగారి గదికి వెళ్లింది. ఆయన పాత పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు.

"పాతదాంట్లో ఎర్ర మచ్చ ఇంత పెద్దదేంటమ్మా?"

"అప్పట్లో అంతమేర అడవులూ పులులూ ఉండేవి సార్."

డైరెక్టరుగారి మొహం వెలిగిపోయింది. "మరి ఇంత మంచి మాట ముందే చెప్పొద్దా? ఇంకొన్నాళ్లు ఓపిక పడితే అర్థం కాకపోవడానికి అసలు మచ్చే ఉండదు."

బదిలీ రద్దయింది. ఇదే పద్ధతిని మిగతా జంతువుల బోర్డులకు కూడా వర్తింపజేస్తూ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.