పక్కనుంచి వస్తున్నానండి

ఆదివారం బాపట్లలో జరిగే ఐదు కిలోమీటర్ల పరుగులో పాల్గొనాలని తెనాలి దీపక్ కోరిక. తల్లి మహాలక్ష్మి ఒకే షరతు పెట్టింది. బుధవారం పొద్దున రేపల్లె రోడ్డు మీద ఒక్కసారి పరిగెత్తి, ఒంటిమీద గీత పడకుండా ఏడింటికల్లా ఇంటికి రావాలి. వస్తేనే బాపట్ల.

“ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడిపక్కనే పరిగెత్తు. చెవుల్లో ఆ పాటల తీగలు పెట్టుకోకు. నడిచేవాళ్ళని దాటేటప్పుడు చెప్పి దాటు. హడిలిపోయి కాలవలో పడితే ఆ ఉసురు మనకెందుకు? కుక్క కనపడితే మాత్రం పరిగెత్తకు.”

“పరిగెత్తడానికే కదమ్మా వెళ్తోంది?”

“ఇలాగే కుక్కతోనూ వాదించు, పిక్క పట్టుకుంటుంది!”

కొత్త కెమెరా సెల్లు చెమటకి పాడవుతుందని ఇంట్లోనే వదిలి, దీపక్ బయల్దేరాడు. ఊరు దాటాక ముందు కొండమ్మ అనే ఆవిడ పాలక్యానుతో నడుస్తోంది.

“పిన్నిగారూ, పక్కనుంచి వస్తున్నానండి!” అన్నాడు మర్యాదగా.

కొండమ్మ వెనక్కి చూసింది. ఆవిడ ఎరిగినంతలో రోడ్డు మీద మనిషి పరిగెత్తేది బస్సు కోసమే. సరిగ్గా అప్పుడే రేపల్లె బస్సు వచ్చింది. కొండమ్మ క్యానుతో సహా అడ్డంగా వెళ్ళి నిలబడింది.

“ఆపండయ్యా! పాపం, ఈ కుర్రాడు ఎక్కడ్నించి పరిగెత్తుకొస్తున్నాడో!”

బస్సు ఆగింది.

“నేను ఎక్కనండి. ఊరికే పరిగెత్తుతున్నా,” అన్నాడు దీపక్.

“ఊరికే ఎవరు పరిగెడతారయ్యా? మొహమాటపడకు,” అంటూ కండక్టరు ముత్తయ్య రెక్క పట్టి లోపలికి లాగాడు.

లోపల వీరరాఘవయ్య అనే పెద్దాయన జరిగి చోటిచ్చాడు. బనీను, నిక్కరు, చెమట, అన్నీ చూశాడు.

“చొక్కా కూడా తొడుక్కోలేదంటే... ఎవరికి బాలేదు నాయనా?”

“ఎవరికీ ఏం కాలేదండి. దింపేయండి బాబాయిగారూ. ఏడింటికల్లా అమ్మ దగ్గరుండాలి!”

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. “విన్నారా? ఆ తల్లికి ఏడింటిదాకే గడువంట!”

బస్సంతా గొల్లుమంది. “రేపల్లె ఆసుపత్రేగా?” అని అడిగిన డ్రైవరు జవాబు కోసం ఆగలేదు. స్టేజీల్లో అసలే ఆగలేదు. దారిలో దిగాల్సినవాళ్ళు కూడా విషయం తేలేదాకా దిగేది లేదన్నారు.

తెనాలిలో ఏడు దాటింది. మహాలక్ష్మి చెప్పులైనా లేకుండా రోడ్డెక్కింది. కొండమ్మ ఎదురైంది.

“నిక్కరు కుర్రాడేగా? రెక్క పట్టి రేపల్లె బస్సు ఎక్కించారమ్మా.”

“రెక్క పట్టి ఎక్కించారా! అంటే కాళ్ళు పోయాయన్నమాటే!”

మహాలక్ష్మి పరుగందుకుంది. పరిగెత్తే మనిషిని చూసి తర్వాతి బస్సూ ఆగింది. దిగాక మళ్ళీ పరిగెత్తి ఆసుపత్రిలో పడింది.

అక్కడ బస్సు జనం అప్పటికే వార్డులన్నీ గాలించి డీలాపడి ఉన్నారు. రొప్పుతూ వచ్చిన ఆమెను చూసి “అమ్మా!” అన్నాడు దీపక్.

“దొరికింది, పట్టండి!” అన్నాడు వీరరాఘవయ్య. నలుగురు కలిసి స్ట్రెచరు ఎక్కించేశారు.

“నాకేం కాలేదు, మావాడి కాళ్ళు చూడండి!”

“పాపం, మాట తేడా వచ్చేసింది,” అన్నాడు ముత్తయ్య.

డాక్టరు రెండుసార్లు బీపీ చూశాడు. “భేషుగ్గా ఉందమ్మా. రోజూ ఏం చేస్తుంటారు?”

“భయపడుతుంటానయ్యా. ఇవాళే పరిగెత్తా.”

“ఇక రోజూ పరుగే పెట్టండి.”

తిరుగు బస్సులో దీపక్ ఆశగా అడిగాడు. “అయితే బాపట్లకి ఇద్దరం కలిసి వెళ్దామా అమ్మా?”

“బాగుంది! ఇద్దరం రోడ్డెక్కితే, ఏమైందోనని కంగారుపడటానికి ఇంట్లో ఎవరుంటారు?”

ఆ ఆదివారం బాపట్లలో పరిగెత్తింది మహాలక్ష్మి, ఇంట్లో గుండెదడ దీపక్‌కి.