పాత సెన్సరుకు అరకిలో ఉల్లిపాయలు

మధ్యాహ్నం మూడింటికి పైడిశ్రీకి ఎల్కేజీ ఇంటర్వ్యూ. పొద్దున్నే దేవిక కూతురికి రెండు పిలకలు వేసి, గౌను ఇస్త్రీ చేసి, తన పథకాన్ని మరోసారి మననం చేసుకుంది. కారులో వెళ్ళాలి. నవ్వుతూ దిగాలి. నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ మూడోదే ముఖ్యం. ఆ బడిలో పిల్లలనే కాదు, తల్లిదండ్రులనూ ప్రశ్నలడుగుతారు. దేవిక తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. “మీరేం చదువుకున్నారమ్మా?” అన్న ప్రశ్న వారం రోజులుగా ఆమె తినే ప్రతి ముద్దలోనూ రాయిలా తగులుతోంది.

ఇక కారెందుకంటే, ప్రిన్సిపాల్ ప్రేమమణి మేడం మేడమీది కిటికీలోంచి ఎవరు దేంట్లో దిగుతున్నారో చూసి, సగం సీట్లు అక్కడే తేల్చేస్తారని పద్మారావునగర్లో ప్రతీతి. కిందటేడు ఆటోలో వెళ్ళిన పక్కింటి పిల్లకు సీటు రాలేదు. ఆ పిల్ల టీచరును కొరికిన సంగతి మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అయితే ఆ కారు దేవిక భర్త వాసు సెకండ్‌హ్యాండులో కొన్నది. నాలుగు రోజులుగా దాని ముందు పలకలో పసుపు లైటు వెలిగి ఆరడం లేదు, వెనకనుంచి నల్లటి పొగ ఆగడం లేదు. తొమ్మిదింటికి మెకానిక్ బ్రహ్మచారి వచ్చి, కిందకి దూరి, పొగగొట్టంలోంచి మసిపట్టిన బొటనవేలంత వస్తువొకటి ఊడబీకాడు. దానికి నాలుగు తీగలు, ఆ తీగల కొసన ఒక ప్లగ్గు.

“ఆక్సిజన్ సెన్సర్ ఖతమైందక్కా. పెట్రోలు ఎంత తాగాల్నో ఇంజన్‌కు చెప్పేటిది గిదే. ఇప్పుడు చెప్పెటోడు లేక అది కల్లు కాంపౌండుల కూసున్నట్టు తాగుతున్నది.”

“మావారు ఏ సామానైనా ఒరిజినలే వెయ్యమన్నారండీ.”

“ఒరిజినల్ అంటే మీ కారు కొలతకే కుట్టిన అంగీ. మంచిగుంటది. కానీ మద్రాసు నుంచి రావాలె, పది దినాలు. యూనివర్సల్ అయితే రాణిగంజ్‌ల గిప్పుడే దొరుకుతది. ఏ కారుకన్నా నడుస్తది. మీరెట్లంటే అట్ల.”

దేవిక వాసుకి ఫోన్ చేసింది. మాదాపూర్లో అతను మీటింగులో ఉన్నాడు, ఫోను కట్టేసి ఉంది. మళ్ళీ చేసింది. మళ్ళీ. ఉప్మాలో నీళ్ళెన్నో కూడా అత్తగారిని అడిగి పోసే మనిషికి ఒరిజినలా, యూనివర్సలా అంటే ఏం తోస్తుంది? కానీ గడియారం తిరుగుతోంది. చివరికి కళ్ళు మూసుకుని, నూతిలో దూకినట్టుగా, “యూనివర్సలే తెచ్చెయ్యండి” అనేసింది. అది ఆమె జీవితంలో ఎవరినీ అడగకుండా తీసుకున్న మొదటి నిర్ణయం.

బ్రహ్మచారి పాత సెన్సరును గుమ్మం పక్కన పెట్టి, స్కూటరెక్కి రాణిగంజ్ వెళ్ళాడు. రాణిగంజ్లో తిరిగి తిరిగి రెండు దాటాక వచ్చాడు. మధ్యాహ్నం దాటినా ఏమీ తినలేదని తెలిసి, వాసు తల్లి దేముడమ్మ పళ్ళెం నిండా ఉల్లిపాయ పకోడీ పెట్టింది. అతను ఒక చేత్తో పకోడీ నములుతూ, రెండో చేత్తో కొత్త సెన్సరు విప్పాడు. దీనికి ప్లగ్గు లేదు. ఒట్టి తీగలే.

“గీ రెండు తెల్లయి హీటర్. నల్లది సిగ్నల్. బూడిద రంగుది గ్రౌండ్” అని తనకు తాను అప్పజెప్పుకున్నాడు. పక్కనే గొంతుక్కూర్చున్న పైడిశ్రీ కూడా, “తెల్ల హీటర్, నల్ల సిగ్నల్” అంటూ వల్లెవేసింది.

“పెద్దమ్మా, పాతది జెర ఇటియ్యి. దాని ప్లగ్గు కోసి దీనికి అతకాలె.”

దేముడమ్మ ముఖం మారింది. “అదెందుకు బాబూ? చచ్చిన సామాను గుమ్మం కాడుంటే మనవరాలి పని జరుగుద్దేటి? పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చే బండోడొస్తే ఇచ్చీసేను.”

“ఇచ్చేసినవా! ఏమిచ్చిండు?”

“అరకిలో ఉల్లిపాయలు.”

“ఏవి?”

“నువ్వు తింటన్నావు కదేటి.”

బ్రహ్మచారి దవడలు ఆగిపోయాయి. దేవిక వీధిలోకి పరుగెత్తి చూసింది. బండివాడు వెళ్ళి అరగంటైంది, బన్సీలాల్‌పేట్ వైపు. బ్రహ్మచారి లేచి, “కారులనే పోదాం రాండ్రి. సెన్సర్ లేకున్నా నడుస్తది. జెర సప్పుడైతది, అంతే” అన్నాడు.

ఆ “జెర” అన్న మాట ఎంత అన్యాయమో తాళం తిప్పగానే తెలిసింది. సెన్సరు తీసిన బొక్కలోంచి ఇంజను మోత నేరుగా బయటికొచ్చి, పాతిక పిండిమరలు ఒక్కసారి తిరిగినట్టయింది. వీధి కుక్కలు మేడలెక్కాయి. స్టీరింగు దగ్గర బ్రహ్మచారి, వెనక దేవిక, చెవులు మూసుకుని కేరింతలు కొడుతున్న పైడిశ్రీ, కిటికీలోంచి నడుందాకా బయటికొచ్చిన దేముడమ్మ. హడావిడిలో పకోడీ పళ్ళెం కూడా కారెక్కింది.

బన్సీలాల్‌పేట్ సందులో బండి కనబడింది.

“ఒరేయ్, ఆగరా! ఆగిపో!” అని దేముడమ్మ అరిచింది.

బండివాడు వెనక్కి చూశాడు. ఆ మోతకు, తోపుడు బండ్లను ఎత్తుకుపోయే మున్సిపాలిటీ లారీ అనుకున్నాడు. పరుగు లంకించుకున్నాడు! ఆమె ఎంత అరిస్తే అతను అంత పరుగు, కారు ఎంత మోగితే అతను అంత జోరు. ఉల్లిపాయలు ఎగిరి రోడ్డు నిండా దొర్లాయి, ఏరుకోవడానికి ఆడవాళ్ళు కొంగులు పట్టుకుని బయలుదేరారు. చివరికి ఇంటర్నెట్ తీగల కోసం తవ్వి, పూడ్చడం మరిచిన గోతిలో బండి చక్రం దిగబడింది.

“సార్, గీ ఒక్కసారి ఇడిసిపెట్టుండ్రి సార్! పిల్లలుగలోన్ని!” అని అతను బ్రహ్మచారి కాళ్ళమీద పడబోయాడు.

“లే నాయనా, లే. నా సామాను నాకిచ్చీ” అంది దేముడమ్మ.

సంగతి తెలియగానే బండివాడు లేచి, మట్టి దులుపుకుని, పెద్ద వ్యాపారస్తుడైపోయాడు. “గట్లనా? ఇస్తగని, నా ఉల్లిగడ్డ నాకియ్యుండ్రి.”

దేవిక పకోడీ పళ్ళెం చాచింది. అతనొకటి నోట్లో వేసుకుని, ఆలోచించి, “ఉప్పు తక్కువైంది” అని, పళ్ళెంలోవన్నీ జేబుల్లో పోసుకుని సెన్సరు ఇచ్చాడు. దేముడమ్మను కారులోకి లాగడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. ఆమె ఉప్పు విషయం తేల్చుకోకుండా కదలనంది.

అప్పటికి మూడింటికి పది నిమిషాలు. తీగలు అతికే వ్యవధి లేదు. కారు అలాగే గర్జిస్తూ బడి ముందు ఆగింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మేడమీది కిటికీ కూడా. మాదాపూర్ నుంచి నేరుగా వచ్చి గేటు దగ్గర నిలబడ్డ వాసు, ఆ కారు తనది కానట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వారం రోజులు అద్దం ముందు బట్టీ పట్టిన ఇంగ్లీషు జవాబులు, మెడలో టై అతనికి తోడున్నాయి. బ్రహ్మచారి అక్కడే కారు కిందకి దూరాడు.

లోపల ముగ్గురూ కూర్చోగానే ప్రేమమణి మేడం తెల్ల అట్ట చూపించారు. “ఏ రంగమ్మా?”

“హీటర్” అంది పైడిశ్రీ.

నల్ల అట్ట. “సిగ్నల్!” బూడిద రంగు అట్ట. “గ్రౌండ్!”

దేవికకు భూమి కంపించింది. సీటు పోయింది. తన సొంత నిర్ణయమే కూతురి చదువును మింగేసింది. మేడం అట్టలు బల్లమీద పెట్టి, కళ్ళజోడు తీసి, నేరుగా దేవికనే చూశారు.

“ఇందాక ఆ మోత మీ కారుదేనా?”

“మాదే మేడం. క్షమించండి.”

“నాదీ ఆ మోడలే. మూడు నెలలుగా పసుపు లైటు. ఒకడు ఒరిజినల్ అంటాడు, ఇంకొకడు యూనివర్సల్ అంటాడు. ఏది వేయించాలో ఒక్కరూ సరిగ్గా చెప్పరు.”

దేవిక నోరు దానంతటదే తెరుచుకుంది. “ఒరిజినల్‌కి ప్లగ్గు దాంతోనే వస్తుంది మేడం, తగిలించడమే. కాకపోతే పది రోజులు ఆగాలి. యూనివర్సల్ ఇవాళే దొరుకుతుంది, ఒట్టి తీగలొస్తాయి. పాతదాని ప్లగ్గు కోసి, రంగు చూసుకుని అతికించుకోవాలి. మీకు తొందర లేదు కాబట్టి ఒరిజినలే వేయించుకోండి. ఏది వేయించినా, పని అయ్యేదాకా పాతదాన్ని ఇల్లు దాటనివ్వకండి.”

“మీరేం చదువుకున్నారమ్మా?”

వచ్చేసింది. దేవిక తల దించుకుంది. “తొమ్మిదో తరగతి మేడం. అదీ సగమే.”

“మరి ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నారు?”

“ఇవాళ పొద్దున్నుంచి మేడం.”

మేడం ఫారం ముందుకు లాక్కున్నారు. “నాకు మూడు నెలలు పట్టినా అర్థం కాలేదు” అని, ఫారం మీద సంతకం పెట్టి, సొరుగులోంచి కారు తాళాలు తీసుకుని లేచారు. “పాపను సోమవారం నుంచి పంపండి. మీ మెకానిక్ బయటే ఉన్నాడుగా?”

దేవిక ఆవిడకు దారి చూపిస్తూ ముందు నడిచింది. వాసు టై సవరించుకుని నిటారుగా కూర్చునే ఉన్నాడు. అతన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.